తల్లిని చూడకుండా వేసిన ముద్ర

ఉద్యోగంలో చేరిన రోజున నాకు ఒక ఇనుప పెట్టె, రెండు పెద్ద సిరంజీలు, ఒక రబ్బరు ముద్ర చేతికిచ్చారు. సిరంజీ ఎట్లా పట్టుకోవాలో కాలేజీలో నేర్పారు. ముద్ర ఎప్పుడు వేయకూడదో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నేను ఒక కుక్క దగ్గరా, ఒక నేత ఇల్లాలి దగ్గరా నేర్చుకున్నాను. నేర్చుకునే సరికి చాలా ఆలస్యమైంది.

పశువైద్యం చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "సార్, మీ కాలంలో ఎట్లా ఉండేది?" అని అడుగుతారు. వాళ్లకు గొంతువాపు వచ్చి ఊరు ఊరంతా గొడ్లు పడిపోతుంటే సైకిలు మీద మందు మోసుకుపోయిన కథలు కావాలి. అవీ ఉన్నాయి, అబద్ధం కాదు. కానీ అవి చెప్పినప్పుడల్లా నేను మహా గొప్పవాడిలా కనపడతాను, పిల్లలు వెళ్లిపోయాక నా మీద నాకే చిరాకు వేస్తుంది. అందుకే ఇక్కడ అవేవీ రాయడం లేదు. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్లు అంతకంటే దండగ. ఒక్క సంగతి రాస్తాను. చదివి నన్ను తిట్టుకున్నా సరే, నేను చేసిన పని మీరు చేయకండి.

సాయిలు ఉత్తచేతులతో తిరిగొచ్చిన రోజు

మొదట దేవరకొండలో వేశారు. యాభైల నడిమి కాలం. చుట్టూ మెట్ట చేలు, జొన్న, ఆముదం, వానను నమ్ముకున్న బతుకులు. ఇంట్లో ఎద్దు జబ్బు పడితే పొయ్యి వెలిగేది కాదు. అక్కడ సాయిలు అనే రైతు నాకు బాగా దగ్గరయ్యాడు. ఒకసారి అంగడిలో పెయ్యను కొంటున్నానని, వచ్చి చూడమని నన్ను వెంట తీసుకుపోయాడు.

నేను పళ్లు చూశాను, కళ్లు చూశాను, జ్వరం చూశాను. నిగనిగలాడుతున్న పెయ్య. "తీసుకో, మంచి పెయ్య" అన్నాను. సాయిలు నా మాట చెవిన వేసుకోకుండా అమ్మేవాడి వైపు తిరిగాడు.

"తల్లి ఏది?"

"ఇంటికాడున్నది. గింత దూరం ఎట్ల తోల్కస్త?"

సాయిలు పలుపు తాడు వాడి చేతిలో పెట్టేశాడు. "ఏందయా, డాక్టర్ సాబే మంచిగున్నదంటుంటే" అని వాడు వెంటపడ్డాడు.

"సాబు పెయ్యను చూసిండు. తల్లి డొక్కలు చూస్తెనే గా ఇంట్ల గొడ్డును ఎట్ల సాదుతుండ్రో ఎర్కయితది. చూపియ్యనోనికాడ నేను కొన."

అంతే. ఎనిమిది మైళ్లు ఉత్తచేతులతో నడిచాం. నాకు తల కొట్టేసినట్టయింది. డిగ్రీ ఉన్నవాణ్ని, నా మాటకు విలువ లేదా అని దారి పొడుగునా ముఖం మాడ్చుకున్నాను. సాయిలు అదేమీ పట్టించుకోలేదు, వేపపుల్ల నములుతూ నడిచాడు. ఆ చుట్టుపక్కల రైతులందరిదీ అదే పద్ధతి. బర్రె పడ్డనైనా, ఆవు పెయ్యనైనా తల్లిని చూడకుండా కొనరు. తల్లిని చూపించలేని వాడి దగ్గర ఏదో దాపరికం ఉందని లెక్క. నేను దాన్ని పల్లెటూరి చాదస్తం అనుకున్నాను.

గంపలో వచ్చేవి

నాలుగేళ్ల తర్వాత నన్ను కట్టంగూరు పక్కన ఒక ఊరి పశువుల దవాఖానకు మార్చారు. ఆ ఊరి పేరు రాయను. అక్కడ ఒక గడి ఉంది, గడిలో దొర ఉన్నాడు. వెనకటి పెత్తనం పోయింది, భూములు చాలా వరకు పోయాయి. మిగిలినవి గోడలు, ఒక పాత జీపు, కొన్ని అల్సేషియన్ జాతికుక్కలు. వేటకని వాళ్ల నాయన తెప్పించిన కుక్కలవి.

అప్పుడే నందికొండ దగ్గర ప్రాజెక్టు పని జోరుగా సాగుతోంది. ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు కొత్త బంగళాల్లో దిగుతున్నారు. ఆ బంగళాలకు గేటు, గేటు దగ్గర ఒక అల్సేషియన్ ఉండాలని వాళ్ల కోరిక. హైదరాబాదు ఆఫీసర్లకూ అదే పిచ్చి. దొర ఆ సంగతి పసిగట్టాడు. కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్మడం మొదలుపెట్టాడు.

కొనేవాళ్లకు పిచ్చికుక్క భయం. అందుకని డాక్టరు చీటీ అడిగేవాళ్లు. ఆ చీటీ నాది.

యాదగిరి అని గడిలో పనిచేసే మనిషి గంప నెత్తిన పెట్టుకొని వచ్చేవాడు. కులవృత్తి నేత. నూలు సరిగ్గా దొరక్క మగ్గం మీద పూట గడవక, జీతానికి కుదిరాడు. మాట తక్కువ, తల ఎత్తి చూసేవాడే కాదు. గంపలో వరిగడ్డి మీద అయిదారు పిల్లలు ముద్దలా పడుకొని ఉండేవి. బల్ల మీద పెట్టి, కడుపు తడిమి, నోరు తెరిచి చూసి, "ఆరోగ్యంగా ఉన్నవి" అని రాసి ముద్ర వేసేవాణ్ని. కళ్లు తెరిచి వారమైనా కాని పిల్లలు కూడా వచ్చేవి. ఇంత పసివాటిని ఎందుకు తెచ్చావని ఒకటి రెండుసార్లు అడిగాను. "దొర తెమ్మన్నడు సార్" అనేవాడు. అంతటితో వదిలేసేవాణ్ని.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. "తల్లికి పాలు ఇంకిపోయే మందు కావాల్నట" అని అతను సీసా తెస్తే కలిపి ఇచ్చేవాణ్ని. పిల్లలు పాలు తాగే వయసులో తల్లికి పాలు ఎందుకు ఇంకిపోవాలి? ఈ ప్రశ్న పట్టడానికి పశువైద్యం చదవక్కర్లేదు. నాకు తట్టలేదు. తట్టలేదని చెప్పడం కూడా నన్ను నేను కాపాడుకోవడమే. తట్టింది, తోసేశాను. పైసా తీసుకోలేదు కదా అని గర్వం ఒకటి. దొర మా ఆవిడకు ఒక పిల్లను బహుమతిగా పంపాడు. మాకు పిల్లల్లేరు, ఆమె దాన్ని చీర కొంగులో చుట్టుకొని తిరిగింది. పది రోజులకు అది రక్తం విరేచనాలయి చచ్చిపోయింది. నా ముద్ర పడిన పిల్లే అది.

ఇట్లా రెండేళ్లు పైగా నడిచింది.

వడ్ల కొట్టు

ఒకనాడు మిట్టమధ్యాహ్నం యాదగిరి గంప లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"సార్, జర రాండ్రి. ఒకదానికి పిల్ల అడ్డం పడ్డది. నిన్నటికెల్లి తన్లాడుతాంది. దొర పట్నం పోయిండు."

గడి వెనక వైపు నుంచి తీసుకుపోయాడు. వెనకట ఊరి వడ్లన్నీ గుంజుకొచ్చి పోసిన కొట్టు అది. కిటికీ లేదు. తలుపు తీయగానే కొట్టిన వాసనకు గడప మీదే ఆగిపోయాను. కాసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. గోడల వెంట ఏడు ఆడకుక్కలు. ఒక్కొక్కదానికి రెండు మూరల గొలుసు. లేచి నిలబడొచ్చు, తిరిగి పడుకోవచ్చు, అంతకు మించి కదలడానికి లేదు. గోళ్లు పెరిగి వంకరలు తిరిగి పాదాల్లోకి దిగాయి. కొన్నింటి చన్నులు గడ్డలు కట్టి నేలకు రాసుకుంటున్నాయి. తలుపులోంచి వెలుగు పడితే అవి మొరగలేదు. మొఖాలు గోడకు తిప్పుకున్నాయి.

గూట్లో నా మందు సీసా ఉంది. దాని మీద నా చేతిరాత.

నొప్పులు పడుతున్నదాన్ని గడప దగ్గరికి జరిపించి పని మొదలుపెట్టాను. అడ్డం తిరిగిన పిల్ల చచ్చి ఉంది. దాన్ని తీశాక ఇంకోటి చచ్చింది వచ్చింది, తర్వాత రెండు బతికినవి వచ్చాయి. అది ఆ నొప్పిలో కూడా నా చెయ్యి కరవలేదు. చచ్చిన వాటిని కూడా నాకుతూ ఉంది. యాదగిరి దాని తల పట్టుకొని "అయిపోయింది బిడ్డా, అయిపోయింది" అంటున్నాడు.

"దీని పేరేంటి?"

"పేర్లు లెవ్వు సార్. ఇది మూడోది. రెండేండ్లు దాటె, ఎండ మొఖం చూడలే. ఎదకొచ్చినప్పుడల్లా మగకుక్కతోని కట్టిపిస్తరు. పిల్లలు కండ్లు తెర్వంగనే గంపల ఏస్తం. పాలు ఇంకితె జల్ది మళ్ల ఎదకొస్తదంటడు దొర."

నాకు ఒళ్లు మండింది. "ఇన్నాళ్లూ గంపలు మోసుకొచ్చావు. ఒక్కసారి నాకు చెప్పకూడదా?" అని కసిరాను.

అతను మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు.

"మీరెన్నడన్న తల్లి ఏదని అడిగిండ్రా సార్?"

దేవరకొండ అంగడిలో సాయిలు పలుపు తాడు తిరిగి ఇచ్చేసిన చెయ్యి కళ్లముందు కనపడింది. చదువుకోని మనిషి పెయ్య కోసం అడిగిన మాట, నేను ఇన్ని గంపలకు ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ముద్ర వేయనన్నాక

తర్వాతి గంపను వెనక్కి పంపాను. సాయంత్రం దొర జీపేసుకొని దవాఖానకు వచ్చాడు.

"ఏం డాక్టర్ సాబ్, పిల్లలు మంచిగనే ఉన్నయి గద. ముద్దర ఎయ్యనీకి చెయ్యి నొస్తాందా?"

"తల్లుల్ని ఎండలోకి తెప్పించండి. చూసి వేస్తాను."

ఆయన నవ్వాడు. "నా గడిల ఏమున్నదో చూస్త అనేటోడు ఇంక పుట్టలే" అని వెళ్లిపోయాడు.

నేను నల్లగొండ పోయి మా పెద్ద డాక్టరును కలిశాను. కోస్తా నుంచి వచ్చిన మనిషి, పనిమంతుడు. గొడ్లకు అంటువ్యాధి వస్తే పల్లెల్లోనే గొంగడి కప్పుకొని పడుకునేవాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవముంది. కానీ ఆయన వరండాలో ఒక అల్సేషియన్ పిల్ల చెప్పు కొరుకుతూ ఆడుకుంటోంది. అది ఎక్కడిదో నాకు తెలుసు.

"ఎందుకయ్యా నీకు ఈ గొడవ? గవర్నమెంటు నిన్ను ఎద్దుల కోసం పెట్టింది, కుక్కల కోసం కాదు. ఇష్టం లేకపోతే ముద్ర వెయ్యకు, ఊరుకో" అన్నాడు. ఆ మాట అంటూనే కాలితో పిల్లను మెల్లగా పక్కకు జరిపాడు, నా ముఖం చూడలేక.

చెడ్డవాళ్లను ఎదుర్కోవడం తేలిక. ఇట్లాంటి మంచివాళ్లు ఒక చిన్న బహుమతి పుచ్చుకొని చూపు తప్పించుకుంటారు చూడండి, అక్కడ మన చేతులు పడిపోతాయి. నేనూ అదే బాపతు కదా. మూగజీవాల్ని హింసిస్తే శిక్ష వేసే చట్టం వచ్చిందని పేపర్లో చదివి ఠాణాకు కూడా పోయాను. వాళ్లు చాయ్ తాగించి పంపారు.

ముద్ర లేకపోతే దొర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. చీటీ అడిగే ఆఫీసర్లను వదిలేసి, నార్కట్‌పల్లి చౌరస్తాలో గంపలు పెట్టించాడు. అక్కడ బస్సులు ఆగుతాయి, కార్లవాళ్లు చాయ్‌కు దిగుతారు. ముద్దొచ్చే పిల్లను చూస్తే చీటీ ఎవరికి గుర్తొస్తుంది? గంపలు ఎక్కువయ్యాయి.

చంద్రమ్మ తువ్వాళ్లు

యాదగిరి భార్య చంద్రమ్మ ఇంట్లో మిగిలిన కాస్త నూలుతో నేసిన తువ్వాళ్లు భుజాన వేసుకొని, అదే చౌరస్తాలో బస్సు కిటికీల దగ్గర అమ్మేది. గట్టి గొంతు, ఎవరికీ జంకని మనిషి. మొగుడు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చొని తినలేక లేచిపోవడం ఆమె రోజూ చూస్తోంది. నేను ముద్ర మానేసిన సంగతీ, తల్లుల్ని తెమ్మన్న సంగతీ అతనే చెప్పాడట.

ఒకరోజు నేను బస్సు కోసం నిలబడి ఉన్నాను. కారు దిగిన ఒక పెద్దమనిషి గంపలోంచి పిల్లను ఎత్తుకున్నాడు. చంద్రమ్మ పక్కకు పోయి నిలబడింది.

"తల్లిని చూసిండ్రా సారూ?"

"తల్లి ఎందుకమ్మా?"

"గట్లంటరేంది? బర్రెదూడను కొంటె తల్లిని చూడకుండ కొంటరా మీరు? దీని తల్లి మూడు మైళ్ల దూరంల ఉన్నది. చూపియ్యుమనుండ్రి. చూపిస్తె కొనుక్కోండ్రి, నేను వద్దన్ననా?"

గంప దగ్గర కూర్చున్న గడి మనిషి గుడ్లురిమాడు. పెద్దమనిషి అతణ్ని అడిగాడు. అతను గంపను తన వైపు లాక్కున్నాడు. పిల్ల మళ్లీ గంపలోకి వెళ్లింది.

ఆ రోజునుంచి ఆమెకు అదే పని. తువ్వాలు అమ్ముతూనే ప్రతి కారు దగ్గరా అదే ప్రశ్న. చాయ్ హోటలాయన కూడా అందుకున్నాడు. కట్టంగూరు రైతులు బండ్లు ఆపి, "అవునే, తల్లి ఏది?" అని వేళాకోళానికి మొదలుపెట్టి, తర్వాత నిజంగానే అడిగారు. ఎవరూ జెండాలు పట్టలేదు. వాళ్లకు పశువుల విషయంలో రోజూ ఉన్న అలవాటునే కుక్కకూ వాడారు, అంతే.

ఒకసారి బెజవాడ వైపు పోతున్న ఒకామె గంపలో అన్నిటికంటే నీరసంగా ఉన్న పిల్లను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "పాపం, నేనైనా తీసుకుపోతాను" అంది. చంద్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ మనసు మంచిదే అక్కా. కాని మీరు గిది కొంటె గా తల్లిని మళ్ల కట్టిపిస్తరు. గా జాగల ఇంకోటి పెడ్తరు."

ఆమె పిల్ల తల నిమిరింది. చివరికి వట్టి చేతులతో కారెక్కింది. జాలితో కొనడం కూడా కొనడమే అని ఆ రోజు నాకు అర్థమైంది. ఆ పిల్ల బతకలేదు. అది కూడా చెప్పాలి కదా.

దొరకు తెలియక మానుతుందా? యాదగిరిని పనిలోంచి తీసేశాడు. "నీ పెండ్లాం నోరు అమ్ముకొని బతుకుపో" అన్నాడట. ఇంట్లో ముసలి అవ్వ, పూటకు దొరికే జొన్న గటక. నేను ముఖం చెల్లక వాళ్ల వాడకు పోలేదు. చంద్రమ్మే కనపడి, "ఫికర్ చెయ్యకుండ్రి సార్. మగ్గం ఉన్నది. మా ఆయన ఇప్పుడు అన్నం తింటుండు" అంది.

నేను ఆలోచించనిది

గంపలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. నేను లోలోపల సంబరపడ్డాను. బుద్ధిలేనివాణ్ని. అమ్ముడుపోని సరుకు అయ్యాక ఆ ఏడు తల్లులకు తిండి ఎవరు పెడతారని ఒక్క క్షణం ఆలోచించలేదు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం దొర మనుషులు వాటిని బండిలో తెచ్చి, చౌరస్తా అవతల రోడ్డు పక్కన దింపి, గొలుసులు విప్పుకొని వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి చీకట్లో ఉన్న కుక్కలు. ఎండకు కళ్లు తెరవలేక, గుండ్రంగా తిరిగి తిరిగి, వెచ్చగా ఉందని తారు రోడ్డు మీదే పడుకున్నాయట. నాలుగు లారీల కింద పడ్డాయి. ఒకటి చేలల్లోకి పోయి మళ్లీ కనపడలేదు. ఒకదాన్ని హోటలాయన పెరట్లో కట్టుకున్నాడు. ఆ రోజు నా చెయ్యి కరవని మూడోదాన్ని చంద్రమ్మ అమ్ముడుపోని తువ్వాలు మెడకు కట్టి, మూడు మైళ్లు ఆగుతూ ఆగుతూ ఇంటికి నడిపించుకొచ్చింది.

నాకు సాయంత్రం తెలిసింది. దవాఖాన మెట్ల మీద కూర్చుండిపోయాను. ముందే ఏడు ఇళ్లు వెతికి పెట్టుకుంటే? ఏడంటే ఏడే. సాయిలు లాంటివాళ్లు నాకు ఊరూరా ఉన్నారు. అడిగితే కాదనేవాళ్లు కాదు. నేను అడగలేదు. ఈ పనిలోకి వస్తున్న పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. పాపిష్టి వ్యాపారాన్ని ఆపాలంటే కొనేవాళ్లు తల్లిని చూపించమని అడగాలి, చూపకపోతే తిరిగి రావాలి. కానీ అది ఆగిపోయే రోజుకు ఆ తల్లులకు నీడ ఎక్కడో ముందే చూసిపెట్టాలి. పిల్లను ముద్దుచేయడానికి ఎంతమందైనా వస్తారు. కాన్పులకు అరిగిపోయిన తల్లిని ఇంటికి తీసుకుపోయేవాళ్లు కావాలి.

కండెలు

నేతవాళ్లు మగ్గం దగ్గరికి కుక్కను రానివ్వరు. గంజి పెట్టిన నూలు వాసనకు వచ్చి కొరుకుతుందని భయం. ఒక్క పోగు తెగినా అతకడానికి ఎంత పనో. మూడోదాన్ని చంద్రమ్మ మగ్గం గుంట పక్కనే పడుకోబెట్టింది. వేరే పేరు పెట్టలేదు, "బిడ్డా" అని పిలిచేది.

నేను వారానికోసారి పోయి గోళ్లు తీసి, పుండ్లు కడిగేవాణ్ని. చన్నుల్లో గడ్డలు మాత్రం నా చేతిలో లేవు. నా మందు చేసిన పని కూడా అందులో ఉందని నా అనుమానం.

రెండు నెలలకు అది ఒక వింత పని మొదలుపెట్టింది. చంద్రమ్మ పుల్లలకు నూలు చుట్టి గంపలో వేసిన కండెల్ని ఒక్కొక్కటే నోట కరుచుకొని పోయి, కడుపు దగ్గర వరసగా పెట్టుకునేది. వాటిని నాకేది. ఎవరైనా గంప ఎత్తితే వణికిపోయేది. కండెలు నానిపోతున్నాయేమో అని నేను నొచ్చుకున్నాను.

"పోనియ్యుండ్రి సార్" అంది చంద్రమ్మ. ఒక కండె తీసి నా చేతికిచ్చింది. "చూడుండ్రి. ఒక్క పోగు తెగలే."

నిజమే. ఎక్కడా పంటి గాటు లేదు.

యాదగిరి నేస్తూ నేస్తూ కండె అవసరమైతే గంపలోంచే తీసుకునేవాడు, దాని దగ్గరున్న వాటిని ముట్టేవాడు కాదు. ఆ బీదింట్లో ఆరు కండెలు ఎప్పుడూ దాని దగ్గరే ఉండేవి. అట్లా తొమ్మిది నెలలు ఎండలో, మనుషుల మధ్య బతికింది.

ఒక పొద్దున కబురు వస్తే పోయాను. అప్పటికే అయిపోయింది. పాత గొంగడి మీద పక్కకు ఒరిగి ఉంది. అయిదు కండెలు కడుపు దగ్గర, ఒకటి నోట్లో. ఆ నూలైనా వాళ్లకు పనికొస్తుంది కదా అని నేను వంగి నోట్లోది తీయబోయాను. యాదగిరి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్యుండ్రి సార్. దానికాడికెల్లి గుంజుకున్నయి సాలు."

ఆరు కండెలతోనే పాతిపెట్టాం.